పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ మారినట్టే

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మేం టెక్సాస్‌లో ఊరికి దూరంగా ఆరెకరాలు కొనుక్కున్నాం. గడ్డి, తుప్పలు కొట్టుకోవడానికి 1949 మోడల్ ఫోర్డ్ 8ఎన్ పెట్రోలు ట్రాక్టర్ తీసుకున్నాను. పాత ఓనరు దాన్ని 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మార్చాడు. నెల కిందట పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు కొత్తవి వేసి, మాన్యువల్ చూసి పాయింట్ల గ్యాప్ 25 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెట్టాను. అప్పట్నుంచీ సెల్ఫ్ కొడితే ఒక్కోసారి ఇంజను వెనక్కి తన్నినట్టు ఆగిపోతోంది. గడ్డి కోసే రోటరీ కట్టర్ తగిలించి లోడు పెడితే కటకటమని శబ్దం. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడిచాక మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ సరిచేద్దామంటే అది కదలనే కదలదు. గుంటూరు జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్నగారు శబ్దం విని "టైమింగ్ పోయిందిరా" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: మీ నాన్నగారి చెవికి ముందుగా నా నమస్కారం. ఆయన చెప్పింది నిజం. కానీ మీ బండికి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. సెల్ఫ్ వెనక్కి తన్నడం, లోడులో కటకటమనడం ఒకటి. వేడెక్కాక ఆగిపోవడం ఇంకొకటి. రెండిటినీ కలిపి టైమింగ్ అనుకుంటే, ఒకదాన్ని బాగుచేశాక రెండోది అలాగే ఉండి, బాగైనదాన్ని కూడా మళ్ళీ కెలుకుతారు. అందుకే విడివిడిగా చూద్దాం.

అంతకంటే ముందు ఒక్క మాట. ఇది సరయ్యే దాకా ముందువైపు హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పే ప్రయత్నం అస్సలు చెయ్యకండి. మన ఊళ్ళల్లో ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పేటప్పుడు "బొటనవేలు చుట్టూ వెయ్యకురా" అని పెద్దవాళ్ళు అరిచేవాళ్ళు, గుర్తుందా? అలా వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. సెల్ఫ్‌నే ఆపుతున్న ఇంజను మన చేతిని లెక్కచెయ్యదు.

ఇప్పుడు అసలు సంగతి. టైమింగ్ అంటే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలన్న లెక్క. ఆ రవ్వకి కావలసిన కరెంటుని తయారుచేసేది కాయిల్, దాన్ని వరసగా నాలుగు ప్లగ్గులకీ పంచేది డిస్ట్రిబ్యూటర్. పాయింట్లంటే అందులో కాయిల్ కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్చు, ఆ స్విచ్చు కాలిపోకుండా కాపాడేది కండెన్సరు. మీరు పెట్టిన 25 థౌ తప్పు అంకె కాదు. కాకపోతే అది మీ డిస్ట్రిబ్యూటర్‌ది కాదు.

ఫోర్డ్ 8ఎన్ 1947 నుంచి 1952 దాకా, ఐదు లక్షలకు పైగా తయారైంది. అందులో డిస్ట్రిబ్యూటర్లు రెండు రకాలు. మొదట్లో వచ్చినవాటికి ఇంజను ముందు, ఫ్యాను వెనకాల, క్యామ్‌షాఫ్ట్ కొసకే నేరుగా తగిలేలా డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. దాని నెత్తిన చదరపు డబ్బాలా కాయిల్ కూర్చుంటుంది. 1950లో, సీరియల్ నంబరు 263844 నుంచి, దాన్ని ఇంజను పక్కకి మార్చారు. అది కారు డిస్ట్రిబ్యూటర్‌లాగా నిటారుగా నిలబడి ఉంటుంది, కాయిల్ వేరుగా గుండ్రంగా ఉంటుంది. పక్కన ఉండే దానికి పాయింట్ల గ్యాప్ 25 థౌ. ముందు ఉండే దానికి 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, మిల్లీమీటర్లలో 0.38. రెండు అంకెలూ మాన్యువల్‌లో ఉంటాయి, మీ కన్ను 25 మీద పడింది. తిప్పితే కదలడం లేదన్నారు కాబట్టి మీది ముందువైపు రకమే అని నా నమ్మకం. అయినా వెళ్ళి కళ్ళారా చూడండి. డెబ్బై అయిదేళ్ళ బండికి ఇంజను ఎన్నిసార్లు మారిందో ఎవరూ చెప్పలేరు, మోడల్ సంవత్సరాన్ని నమ్ముకోవద్దు.

గ్యాప్ పది థౌ ఎక్కువైతే ఇంత గొడవా అంటారేమో. అవుతుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కాయిల్‌లోకి కరెంటు చేరుతుంది. అవి విడిపడిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది. పాయింట్లని తెరిచేది క్యామ్ మీది మూలలు. క్యామ్‌ని రాసుకునే ఫైబర్ ముక్కని ఆ మూల ఎక్కడ తాకుతుందో అక్కడ పాయింట్లు విచ్చుకోవడం మొదలవుతుంది. గ్యాప్ ఎక్కువ పెట్టడమంటే ఆ ఫైబర్ ముక్కని క్యామ్‌కి ఇంకాస్త దగ్గరగా జరపడమే. అప్పుడు మూల ముందుగా తగులుతుంది, పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, రవ్వ ముందుగా పడుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుని దాన్ని కిందికి తోస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు వెనక్కి తన్నేది అందుకే. లోడులో వినపడే కటకటా అందుకే. డిస్ట్రిబ్యూటర్‌ని వేలితో కూడా కదిలించకుండానే మీరు టైమింగ్ మార్చేశారు.

దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు మూసి ఉండే సమయం తగ్గుతుంది. బిందె నిండకముందే కుళాయి కట్టేసినట్టు కాయిల్ సగం నిండగానే రవ్వ వెయ్యాల్సొస్తుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు తెలియదు. వేగం పెంచి లోడు పెట్టినప్పుడే రవ్వ బలహీనంగా పడుతుంది.

బుల్లెట్ కిక్కు తిరగతన్ని మోకాలి కింద దెబ్బ తగిలినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నా పంతొమ్మిదో ఏట విజయవాడలో నాకూ తగిలింది. అప్పుడు మా వీధి చివర షెడ్డులో ఉండే పెద్దాయన సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ఒక పేలిక చింపి, పాయింట్ల మధ్య పెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా లాగి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఇంజను కొంచెం కొంచెంగా తిప్పాడు. ఒకచోట కాగితం తనంతట తానే జారి చేతిలోకొచ్చింది. "ఇదిగో, ఇక్కడ కరెంటు పడుద్ది" అన్నాడు. నాకు టైమింగ్ అంటే ఏమిటో అర్థమైంది ఆ క్షణంలోనే. మీ పనికీ ఆ కాగితమే సరిపోతుంది.

మీ డిస్ట్రిబ్యూటర్‌ని బండి మీదే తిప్పి టైమింగ్ పెట్టే ఏర్పాటు లేదు. విప్పి బల్ల మీద పెట్టుకునే సరిచేయాలి. ఇది కష్టమని భయపడకండి, నిజానికి వంగి ఫ్యాను సందులోంచి చూస్తూ చేసేదానికంటే వందరెట్లు సుఖం. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ప్లగ్గు వైర్లకి టేపు ముక్కలు అంటించి 1, 2, 3, 4 అని రాయండి, ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకోండి. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డరు 1-2-4-3. అంబాసిడర్ కారుతో అలవాటైన చేతులు 1-3-4-2 అని పెట్టేస్తాయి, జాగ్రత్త. కాయిల్‌ని పట్టి ఉంచే తీగ క్లిప్పు పక్కకి తోసి కాయిల్, క్యాపు తీయండి. ఆపైన రెండే బోల్టులు. అవి విప్పితే మొత్తం చేతిలోకి వస్తుంది.

వచ్చాక పాయింట్ల జోలికి పోకముందు షాఫ్టుని వేళ్ళతో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. కటకటలాడిందంటే షాఫ్టుని పట్టి ఉంచే బుష్‌లు అరిగాయి. అరిగిన బుష్ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కి మీరెంత శ్రద్ధగా గ్యాప్ పెట్టినా నిలవదు, ఒక్కో తిప్పుకి ఒక్కో రకంగా తెరుచుకుంటుంది. తర్వాత కింది కొసని కదలకుండా పట్టుకుని పై కొసని మెలితిప్పండి. కొద్దిగా కదిలి, వదిలేస్తే స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. లోపల చిన్న బరువులుంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని రవ్వని ముందుకు జరుపుతాయి. పాత గ్రీజు ఎండి బంకలా పట్టేసి, అవి ముందుకు జరిగిన చోటే ఇరుక్కుపోయిన డిస్ట్రిబ్యూటర్లు నా చేతికే మూడు వచ్చాయి. అలా ఇరుక్కుపోతే గ్యాప్ సరిగ్గా పెట్టినా సెల్ఫ్ వెనక్కి తన్నుతూనే ఉంటుంది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఒకటి రెండు చుక్కల నూనె వేస్తే చాలు.

ఇప్పుడు పాయింట్లు. కొత్తవాటి మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది, అది కరెంటుని అడ్డుకుంటుంది. నూనె అంటని విజిటింగ్ కార్డు ముక్కని మధ్యలో పెట్టి, పాయింట్లు మూసి, నెమ్మదిగా లాగండి. కార్డు మీద నల్లగీత రాకుండా పోయేదాకా లాగండి. గరుకు కాగితం మాత్రం వాడొద్దు. రెండు పాయింట్లూ ఎదురెదురుగా నిండుగా ఆనుతున్నాయా, అంచుల దగ్గరే తగులుతున్నాయా చూడండి. ఆ తర్వాత ఫైబర్ ముక్క క్యామ్ మూల మీద సరిగ్గా కొసన ఉండేలా షాఫ్టుని తిప్పి, 15 థౌ ఫీలర్ గేజి రేకు పెట్టండి. రేకు వెన్నలోంచి కత్తి లాగినట్టు కొంచెం పట్టుతో రావాలి. బిగువుగా ఉండకూడదు, వదులుగానూ జారకూడదు. స్క్రూ బిగించాక మళ్ళీ చూడండి, బిగించేటప్పుడే చాలాసార్లు గ్యాప్ జరుగుతుంది. మిగిలిన మూడు మూలల మీదా ఇదే రేకు పెట్టి చూడండి. ఒకచోట 15, ఇంకోచోట 18 వస్తే మళ్ళీ ఆ బుష్‌ల దగ్గరికే వెళ్ళాలి.

గ్యాప్ కుదిరాకే టైమింగ్. ఈ వరస తిరగబడితే చేసిన పనంతా వృథా. డిస్ట్రిబ్యూటర్‌ని బోర్లిస్తే షాఫ్టు కొసన అడ్డంగా ఒక నాలుక ఉంటుంది. అది సరిగ్గా మధ్యలో ఉండదు, ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా జరిగి ఉంటుంది. వెడల్పు వైపు అంచున ఒక చిన్న స్కేలు ఆనించండి. ఆ స్కేలు అంచు, బోల్టు రంధ్రం అంచుకి సరిగ్గా పావు అంగుళం దూరంలోకి వచ్చిన చోట పాయింట్లు విచ్చుకోవడం మొదలుకావాలి. ఎటు నుంచి కొలవాలో సర్వీసు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని చేయండి. ఇక్కడే కాగితం పని. ఒకరు షాఫ్టుని తిప్పుతుంటే, ఒకరు కాగితం పట్టుకోవాలి. కాగితం మీ నాన్నగారి చేతికివ్వండి. కాగితం జారిన చోట స్కేలు పావు అంగుళం దగ్గర లేకపోతే, డిస్ట్రిబ్యూటర్ ఒంటికి పక్కన ఉన్న లాక్ స్క్రూ వదులు చేసి లోపలి పళ్ళేన్ని కొంచెం జరపండి. మళ్ళీ తిప్పండి, మళ్ళీ కాగితం. రెండు మూడుసార్లలో కుదురుతుంది. మల్టీమీటర్‌లో బీప్ పెట్టుకుని చేసేవాళ్ళూ ఉన్నారు, అదీ మంచిదే. టైమింగ్ లైటు కోసం వెతకొద్దు, దాంతో మీ బండికి పనిలేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆ నాలుక మధ్యలో లేకపోవడం వల్ల క్యామ్‌షాఫ్ట్ గాడిలో ఒకే ఒక్క విధంగా దూరుతుంది. షాఫ్టు మీద ఉండే రోటర్‌ని వేలితో తిప్పుతూ నెట్టండి, ఒకచోట టక్కున కూర్చుంటుంది. చుట్టూ సందు లేకుండా ఆనిన తర్వాతే బోల్టులు వేయాలి. కూర్చోకముందే బోల్టులతో లాగుదామని చూస్తే చెవులు విరుగుతాయి. ఆ విరిగిన శబ్దం విన్నవాడిగా చెబుతున్నాను. క్యామ్ మీద పాయింట్ల గ్రీజు గోరంత రాయండి. అది లేకపోతే ఫైబర్ ముక్క త్వరగా అరిగి గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే ఇప్పుడున్నదానికి సరిగ్గా ఎదురు జబ్బు వస్తుంది. రవ్వ ఆలస్యంగా పడి, బండి లాగదు, రేడియేటర్ కాగిపోతుంది, సైలెన్సర్‌లో టపటపమంటుంది.

మీ నాన్నగారి ఊళ్ళో ట్రాక్టర్లన్నీ డీజిల్‌వే కాబట్టి ఆయన లెక్కలో టైమింగ్ అంటే పంపు టైమింగ్. డీజిల్ ముందుగా చిమ్మితే వచ్చే శబ్దం, రవ్వ ముందుగా పడితే వచ్చే శబ్దం చెవికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఆయన అందుకే పట్టేశారు. మరో సంగతి కూడా ఆయనకి చెప్పండి, సంతోషిస్తారు. ఆ బండి వెనక ఉన్న మూడు పాయింట్ల లింకేజీ, అంటే నాగలో కట్టరో మూడు చోట్ల తగిలించి పైకి లేపే అమరిక, హ్యారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరుది. 1938లో హెన్రీ ఫోర్డ్, ఫెర్గూసన్ చేతులు కలిపి మాట మీద ఒప్పందం చేసుకున్నారు, 1939లో 9ఎన్ వచ్చింది. ఆ పొత్తు చెడ్డాక ఫోర్డ్ కంపెనీ ఈ 8ఎన్ తెచ్చింది. ఫెర్గూసన్ కోర్టుకి వెళ్తే 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాస్సీ హ్యారిస్‌తో కలిసింది. ఆ మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి 1960లో మద్రాసులో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. మన పల్లెల్లో ఎర్రగా తిరిగే మాస్సీ ట్రాక్టర్ వెనక నాగలి పైకి లేచే పద్ధతీ, మీ టెక్సాస్ పొలంలో కట్టర్ పైకి లేచే పద్ధతీ ఒక ఇంటివే.

ఇక రెండో జబ్బు. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయ్యేది టైమింగ్ వల్ల కాదు. టైమింగ్‌కి అలసట ఉండదు. నా మొదటి అనుమానం కాయిల్ మీద, దానికి కారణం 12 వోల్టుల మార్పు. ఈ బండికి 6 వోల్టుల కాలంలోనే డ్యాష్‌బోర్డు వెనక ఒక రెసిస్టర్ ఉంటుంది, కాయిల్‌కి పోయే కరెంటుని అది తగ్గిస్తుంది. 12 వోల్టులకి మార్చినప్పుడు పాత కాయిలే ఉంచితే, ఆ రెసిస్టర్ ఉండగానే ఇంకో రెసిస్టర్ వరసలో కలపాలి. చాలామంది కలపరు. కొందరైతే ఉన్న పాతదాన్ని కూడా దాటేసి నేరుగా వైరు లాగేస్తారు. ఒక ఓమ్ ఉన్న కాయిల్‌కి 12 వోల్టులు నేరుగా ఇస్తే 12 ఆంపియర్లు పారుతుంది. పాయింట్లు తట్టుకునేది సుమారు నాలుగు. అలాంటప్పుడు కాయిల్ కాగిపోయి ఇరవై నిమిషాలకి చేతులెత్తేయడంలో వింతేముంది? తాళం వైపు నుంచి కాయిల్‌కి వచ్చే వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళండి. దారిలో ఏమేం ఉన్నాయో కాగితం మీద గీయండి. కాయిల్ మీద 6 అని ఉందా, 12 అని ఉందా చూడండి. 12 వోల్టుల కాయిల్ కొత్తది కొంటే, దానికి రెసిస్టర్ ఉండాలో వద్దో ఆ కాయిల్ తయారీవాళ్ళు చెప్పినట్టే చేయండి. ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలే అలవాటుంటే మానండి. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కూర్చున్నచోటే కాలిపోతుంది.

రెండో అనుమానం మీరు వేసిన కొత్త కండెన్సరు. కొత్తది కదా అని వదిలేయొద్దు, డబ్బాలోంచే చెడ్డవి వస్తున్నాయి. పాతది పారేయకుండా ఉంటే అదే మళ్ళీ వేసి చూడండి.

ఇవి కొనేముందు పరీక్ష మాత్రం చేయండి. ఈసారి బండి ఆగిపోగానే, చల్లారకముందే, గ్యాప్ పెట్టుకునే స్పార్క్ టెస్టర్‌ని ఒక ప్లగ్గు వైరుకి తగిలించి, పావు అంగుళం ఖాళీ పెట్టి సెల్ఫ్ కొట్టండి. నీలంగా, చిటపటమంటూ దూకితే కరెంటు బాగున్నట్టే. పసుపుగా, సన్నగా ఉన్నా, అసలు దూకకపోయినా కాయిల్, కండెన్సరు, రెసిస్టర్ చూడాలి. రవ్వ బాగుంటే తప్పు పెట్రోలు దారిలో ఉంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే అచ్చం ఇలాగే ఇరవై నిమిషాలకి ఆగి, కాసేపటికి తేరుకుంటుంది. ఆగిన వెంటనే మూత వదులు చేసి చూస్తే తెలిసిపోతుంది. కార్బొరేటర్ అడుగు బిరడా విప్పి పెట్రోలు ధార చూడాలనుకుంటే మాత్రం ఇంజను పూర్తిగా చల్లారాకే, బ్యాటరీ వైరు తీసి, కింద డబ్బా పెట్టి చూడండి. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలుతో ఆడొద్దు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. చెడ్డ సలహా కాదు, కానీ మీకిప్పుడు అక్కర్లేదు. వైరింగ్ సరిగ్గా లేని బండికి కిట్ పెడితే ఆ కిట్ కూడా కాలుతుంది. నెలకి రెండుసార్లు నడిపే బండికి కార్డుముక్కతో, ఫీలర్ గేజితో బాగయ్యే పాయింట్లే మంచివని నా అభిప్రాయం.

అన్నీ కుదిరాక కట్టర్ లేకుండా అరగంట నడపండి, తర్వాతే లోడు పెట్టండి. కట్టర్ తగిలించేటప్పుడు పీటీవో షాఫ్టు (ఇంజను బలాన్ని వెనక కట్టర్‌కి అందించే షాఫ్టు) దగ్గర ఓవర్‌రన్నింగ్ కప్లర్ ఉందో లేదో చూసుకోండి. మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ బండిలో క్లచ్ తొక్కినా కట్టర్ బ్లేడు తిరుగుతున్న ఊపు వెనక నుంచి గేర్లని తిప్పి ట్రాక్టర్‌ని ముందుకు తోస్తూనే ఉంటుంది. కంచె దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కితే ఆగదు. ఆ కప్లర్ ఉంటే బ్లేడు ఊపు బ్లేడు దగ్గరే ఆగుతుంది. అది లేకపోతే, పాయింట్ల కంటే ముందు అదే కొనండి.